మా ఇంట్లో తెరుచుకోని మా అంగడి

మా అత్తవారు వాషర్‌మెన్‌పేటలో తాతల కాలం నుంచి టోకు వర్తకులు. పెళ్ళిచూపుల్లో ఏం వ్యాపారమని మా నాన్న అడిగితే "రెడీమేడ్" అని ఊరుకున్నారు. కాపురానికి వచ్చాక తెలిసింది, అమ్మేది ఆడవాళ్ళ లోదుస్తులని. అందులో సిగ్గుపడాల్సిందేముంది? ఆ వ్యాపారంతోనే ఈ ఇంటి మీద అంతస్తులు లేచాయి. కానీ ఇంట్లో ఆ మాట ఎవరూ నోటితో అనరు. "సరుకు" అంటారు. సరుకు వచ్చిందా, సరుకు పోయిందా, అంతే. కొత్తలో నేను బియ్యం బస్తాల గురించేమో అనుకున్నాను.

మామగారు పోయాక ఇంట్లో మా బావగారి మాటే మాట. ఆయన మావారి అన్న. నేను ఆయనతో నేరుగా మాట్లాడను, అది ఈ ఇంటి పద్ధతి. ఆయన ఎదురుగానే కూర్చుని ఉన్నా నేను అత్తగారితో చెప్పాలి, ఆయన అత్తగారికి జవాబివ్వాలి. మధ్యలో ఆవిడ టెన్నిస్ ఆట చూస్తున్నట్టు తల తిప్పుతూ ఉంటుంది.

గొడవ అత్తగారి టాబ్లెట్‌తో మొదలైంది. శ్రావణ శుక్రవారం పేరంటానికి వచ్చినవాళ్ళకు ఆవిడ ఏదో ప్రవచనం పెట్టి చూపిస్తుంటే మధ్యలో ఒక ప్రకటన ఊడిపడింది. అందులో ఒక అమ్మాయి ఒంటిమీద సరుకు తప్ప మరేమీ లేకుండా నిలబడి ఉంది. పేరంటాళ్ళందరికీ ఒక్కసారిగా తాంబూలం పళ్ళేల మీద శ్రద్ధ పుట్టుకొచ్చింది. అది మా గోడౌన్ నుంచి వెళ్ళిన సరుకే అయినా ఆశ్చర్యం లేదు, కుట్టు అలాగే ఉంది. ఆ మాట నేను పైకి అనలేదు.

సంగతి తెలిసి బావగారు ఇంటి కప్పు ఎగరగొట్టారు.

"నెట్టు ఇట్టా వదిలేస్తే ఇల్లేమైపోవాల? ఈడ ఆడోళ్ళు ఉండారు, పిల్లకాయలు ఉండారు!"

పొద్దున నడకకు వచ్చే స్నేహితుడెవరో ఆయనకు డి.ఎన్.ఎస్. గురించి చెప్పాడు. మనం సైటు పేరు కొట్టగానే దాని అడ్రసు వెతికి చెప్పే ఏర్పాటు అది. మామూలుగా కనెక్షన్ ఇచ్చినవాళ్ళదే వాడతాం. దాన్ని తీసేసి, మోసపు పేజీల అడ్రసూ బూతు సైట్ల అడ్రసూ చెప్పనే చెప్పని రకం పెట్టుకోవచ్చు. మా అత్తగారి లాంటిదన్నమాట. ఏ డబ్బా ఎక్కడుందో అన్నీ ఆవిడకు తెలుసు, చెప్పకూడదనుకుంటే మాత్రం దేవుడు దిగివచ్చి అడిగినా చెప్పదు. పైగా పేజీలు వేగంగా తెరుచుకుంటాయట. దానికి పైసా ఖర్చు లేదనేసరికి బావగారికి భక్తి కుదిరింది.

మా రౌటరు పూజగదిలో ఉంటుంది. అక్కడైతేనే సిగ్నల్ అన్ని గదులకూ అందుతుంది. శుక్రవారం శుక్రవారం దేవుళ్ళతో పాటు దానికీ బొట్టు పడుతుంది. కాబట్టి మైల బట్టలతో దాన్ని ముట్టుకోవడానికి లేదు. బావగారు తలస్నానం చేసి, రాహుకాలం దాటనిచ్చి, పట్టుపంచె కట్టుకుని పీట మీద కూర్చున్నారు. అడుగున అతికించిన పాస్‌వర్డు చదవడానికి రౌటరును బోర్లా తిప్పితే కుంకుమంతా పంచె మీద పడింది. అయినా చలించకుండా సెట్టింగుల పేజీలోకి వెళ్ళి, చుక్కలతో విడగొట్టిన అంకెలు ఒక్కొక్కటే పైకి చదువుకుంటూ కొట్టారు. రౌటరులో మారిస్తే ఇంట్లో వైఫై మీద నడిచేవన్నీ దాని కిందికే వస్తాయి. ఆయనకు తనివి తీరక టీవీలో, టాబ్లెట్‌లో, కంప్యూటరులో కూడా విడివిడిగా మార్చారు. చివర హారతి ఇవ్వలేదు, అదొక్కటే తక్కువ.

వేగం పెరిగిన మాట నిజం. ఆ పాపపు ప్రకటనలూ మళ్ళీ కనిపించలేదు. బావగారు వారం పాటు వచ్చినవాళ్ళందరికీ ఇంటి పవిత్రత గురించి చెప్పారు.

నేను కంప్యూటరు చదువు చదివినదాన్ని. మన సరుకుకు ఒక వెబ్‌సైటు పెడదామని అత్తగారి ద్వారా బతిమాలగా బతిమాలగా, ఈ దీపావళి సీజనుకు చూద్దామన్నారు. నడిస్తే సరి, నడవకపోతే ఇక ఆ ఊసెత్తకూడదు. ఫొటోల్లో మనిషి ఉండకూడదని షరతు. తెల్ల దుప్పటి మీద అప్పడాలు ఆరబెట్టినట్టు సరుకు పరిచి నేనే ఫొటోలు తీశాను. ఆ ఇంట్లో వంట కాకుండా నాదంటూ ఉన్న పని అదొక్కటే. అది పోతే నా చదువుతో పోపు పెట్టుకోవాల్సిందే.

సైటు పెట్టిన కొన్నాళ్ళకు బావగారు హాల్లో అందరి ముందూ టాబ్లెట్ తీసి సైటు పేరు కొట్టారు. తెరుచుకోలేదు. మళ్ళీ కొట్టారు. ఈ సైటు అందుబాటులో లేదని వచ్చింది.

"చూస్తివా అమ్మా, పండగ ముందర షట్టరే లేవలా. మూసేయమను, పోతే పోయింది."

నిన్నటిదాకా ఇదే వైఫై మీద తెరుచుకున్న సైటు అది. పొద్దున్నేగా గూడూరు షాపాయన ఆర్డరు పెట్టానని ఫోన్ చేశాడు! మేడ మీదికి పరిగెత్తి, వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో చూశాను. సైటు నిక్షేపంలా ఉంది. గూడూరు, వేలూరు, చిత్తూరు, ఆర్డర్లు వరసగా వచ్చి కూర్చున్నాయి. అప్పుడు అనుమానమొచ్చి, ఆ డి.ఎన్.ఎస్. వాళ్ళు ఏ సైటును ఏ జాబితాలో వేశారో చూపించే పేజీలో మా పేరు కొట్టాను. "పెద్దలకు మాత్రమే" అని వచ్చింది.

కిందికి వచ్చి ఫోను అత్తగారి చేతిలో పెట్టాను.

"అత్తయ్యా, సైటు బాగానే ఉంది. బావగారు పెట్టిన డి.ఎన్.ఎస్.సే దాన్ని ఆపేసింది. మన అంగడిని కొత్తగా బూతు సైట్లలో చేర్చింది."

ఆవిడ తల అటు తిప్పింది. "నాయనా, మన అంగడి బూతంట."

బావగారి మొహం కందగడ్డ అయింది. "ఎవుడా మాటన్నింది? తాత కాలం నుంచి మర్యాదగా చేసుకొస్తా ఉండే వ్యాపారం! ఫొటోల్లో మనిషే లేదు గదమ్మా, అడుగు."

"సరుకు పేర్లు ఉండాయి గదత్తయ్యా. పేరు చెప్పకుండా ఎట్టా అమ్మేది? తప్పుగా ఆపినారని వాళ్ళకు రాయొచ్చు. మనం ఏమమ్ముతామో వివరంగా రాయాలంట."

"రాయొద్దను!" అని ఆయన అరిచారు.

తర్వాత లెక్క వేసుకున్నారు. పాత డి.ఎన్.ఎస్. పెడితే ఇల్లు చెడుతుంది. కొత్తది ఉంచితే వ్యాపారం చెడుతుంది. ఆయన కళ్ళు మాత్రం అత్తగారి చేతిలోని ఆర్డర్ల మీదే ఉన్నాయి. ఎంతైనా వర్తకుడు.

"ఇల్లు ఇల్లుగా ఉండాల. ఫిల్టర్ తీసేది లేదు. ఆ పనేదో అంగడిలో కూర్చోని చేసుకోమను. ఆడ నెట్టు వేరే గదా."

అత్తగారు తల తిప్పడం మరిచిపోయింది. ఆ అంగడి గడప తొక్కిన కోడలు ఈ ఇంట్లో లేదు. అత్తగారే ఏనాడూ తొక్కలేదు. ఏమన్నారో బావగారికి ఆలస్యంగా అర్థమైనట్టుంది, కానీ అప్పటికే అనేశారు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, వంటింట్లోకి పోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను.

మొదటి రోజు పొద్దున అత్తగారు నాకు పెరుగన్నం డబ్బా కట్టింది. బావగారు కింద బండి స్టార్ట్ చేసిన చప్పుడు విన్నాక, నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది.

"వచ్చేటప్పుడు నాకు రెండు పట్టుకొని రా."

"ఏంటివత్తయ్యా?"

ఆవిడ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "బాడీలు. ఇన్నేండ్లూ మీ మామ, ఆయన తర్వాత వీడు, అమ్ముడుపోనివి కవర్లో తెచ్చి బీరువాలో పెడతా ఉండారు. ఒక్కటన్నా సరిపోలా. బిగుతుకి ఊపిరాడదు. మగోళ్ళకి ఏమని చెప్పేది?"

నాకు నవ్వు రాలేదు. కుట్టుపెట్టెలోంచి టేపు తీసి, తలుపు మూశాను. ఆవిడ చిన్నపిల్లలా చేతులెత్తి నిలబడింది. ఊరందరికీ లోదుస్తులు అమ్మే ఇంట్లో ఆవిడ కొలత అడిగినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు.