దొడ్డి వాకిలి కట్టిన పిల్ల

2016లో నేను కేతేపల్లి దగ్గర ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిని. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులు, నలభై మూడు మంది పిల్లలు, చెప్పడానికి నేనూ, స్వప్న అనే యువ టీచరూ. ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను.

ఆ సెప్టెంబరులో, బతుకమ్మకు వారం ముందు, మూడు రోజులు ముసురు వదల్లేదు. శుక్రవారం మధ్యాహ్నం పిల్లలు అన్నం తింటుండగా ఎగువ చెరువుకు గండి పడింది. బడి పక్క వాగు గట్టు దాటింది. కంచాలు ఎక్కడివక్కడ వదిలేసి పిల్లలను వెనుక ఉన్న బండల గుట్ట మీదికి ఎక్కించాం. ఒక్క పిల్లకూ దెబ్బ తగల్లేదు. మట్టితో కట్టిన మా రెండు గదులు మాత్రం సాయంత్రానికి కూలిపోయాయి.

వాగు దిగువన మల్లయ్య అనే కురుమ పెద్దాయన గొర్ల దొడ్డి ఉండేది. వానకు మంద బయటికి పోలేదు. దొడ్డిలోనే మొత్తం పోయింది. మల్లయ్య నీళ్లలో దూకాడనీ, వాకిలికి కట్టిన తాడు ముడి విప్పలేక వెనక్కి వచ్చాడనీ ఊరంతా చెప్పుకున్నారు. అతని మనుమరాలు అఖిల మా దగ్గర మూడో తరగతి.

మరుసటి వారం నుంచి ఒక రైతు పత్తి పోసుకునే రేకుల షెడ్డులో బడి నడిపాం. మూడు వైపులా తెరిచే ఉండేది. ఉరుము వినబడితే చాలు, పిల్లలు పలకలు పారేసి ఇళ్లకు ఉరికేవారు. తిట్టి లాభం లేదు. మబ్బు పట్టిన రోజున పాఠం ఆపి, అందరినీ వరుసగా గుట్ట దాకా నడిపించి తీసుకొచ్చేవాళ్లం. దారి కాళ్లకు అలవాటైతే గుండెకు కొంత నెమ్మది వస్తుందని నా నమ్మకం. దసరా సెలవుల తర్వాత ఉరకడం తగ్గింది.

కొత్త గదులకు ప్లింత్ దగ్గర నేను పట్టుబట్టాను. ప్లింత్ అంటే బయటి నేల నుంచి గది నేల దాకా లేపే ఎత్తు. ఎస్టిమేట్‌లో, అంటే పనికి ముందు వేసే అంచనాలో, అది అడుగున్నర. మిగిలిన ఒక గోడ మీద నీటి చార రెండున్నర అడుగుల ఎత్తున ఉంది. టేపు పెట్టి చూపిస్తే ఇంజనీరు మూడడుగులకు ఒప్పుకున్నాడు. మేస్త్రీ మాత్రం, "మెట్లెక్కి మెట్లెక్కి మీకే మోకాళ్లు నొస్తయి మేడం," అన్నాడు. నొచ్చాయి కూడా. 2018 జనవరిలో, సంక్రాంతి సెలవులు అయిపోగానే, కొత్త గదుల్లోకి మారాం. ఇనుప తలుపులు, బలమైన గొళ్లేలు.

మారిన రోజు నుంచే తలుపుల గొడవ మొదలైంది. సాయంత్రం నేను గొళ్లెం పెట్టి వెళ్తే పొద్దునకు తీసి ఉండేది. ఒక పొద్దున వచ్చి చూస్తే మేకలు లోపల దూరి కొత్త అక్షరాల చార్టు సగం నమిలేశాయి. "మీ మేడాలు మంచిగ చెప్తున్నరు, మేకలకు గూడ అచ్చులొచ్చినయి," అని ఊళ్లో నవ్వుకున్నారు.

తీస్తున్నది అఖిల. అప్పటికి నాలుగో తరగతి. తరగతిలో కూడా అంతే. గాలికి కొట్టుకుంటోందని స్వప్న తలుపు వేసి గొళ్లెం పెడితే, ఈ పిల్ల లేచి వెళ్లి తీసేది. మూడోసారి స్వప్న గట్టిగా కోప్పడింది. అఖిల బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుంది. మర్నాటి నుంచి బడికి రాలేదు.

నాలుగో రోజు మల్లయ్య వచ్చాడు. అంతకు ముందు ఏడాది సర్కారు పథకంలో అతనికి మళ్లీ గొర్లు వచ్చాయి. ఎండలు ముదిరేలోగా కృష్ణ ఒడ్డుకు తోలుకుపోవాలి.

"టీసీ ఇయ్యి పంతులమ్మా," అన్నాడు. టీసీ అంటే బడి మానిపించేటప్పుడు మేం ఇచ్చే కాగితం. "పిల్ల బడిల నిలుస్తలేదు. మంద ఎనుక తోలుకపోత."

"తొమ్మిదేండ్ల పిల్ల మల్లయ్యా. చదువు బాగ వస్తది దానికి."

"వస్తది. గని కూసుంటలేదు గద."

టీసీ రాస్తే ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోతుంది. మంద వెంట పోయిన పిల్లలు తిరిగొచ్చి బడిలో చేరడం నా ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో రెండుసార్లే చూశాను. రేపు చూద్దామని చెప్పి పంపించి, బడి అయ్యాక వాళ్ల దొడ్డి దగ్గరికి వెళ్లాను.

ఎత్తు జాగాలో కొత్త దొడ్డి. చుట్టూ తుమ్మ కంప. వాకిలి మాత్రం తెరిచే ఉంది. మల్లయ్య అక్కడ గొంగడి పరుచుకుని కూర్చున్నాడు.

"వాకిలికి కంప పెట్టలేదేం?"

"గీ పిల్ల ఏడ పెట్టనిస్తది? పెడితే తీస్తది, కడితే ఇప్పుతది. గందుకే నేనే కంపనైన. వాకిట్ల అడ్డం పండుకుంటున్న."

అఖిల లోపల ఒక గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గొళ్లెం ఎందుకు తీస్తున్నావని స్వప్న వంద సార్లు అడిగి ఉంటుంది. నేను అది అడగలేదు.

"బడి కూలిన పొద్దు, పొద్దుగాల ఇంట్ల ఏం పని చేసొచ్చినవ్ బిడ్డా?"

"దొడ్డి వాకిలి కట్టొచ్చిన." గొర్రెపిల్ల చెవులు సవరిస్తూ చెప్పింది. "తాత గొర్ల మేతకు మండలు కొట్టుకరాను పోయిండు. దొడ్డి కట్టి బడికి పొమ్మన్నడు."

"మంచిగనే కట్టినవ్ గద."

"తాత ఒక్కసారి ముడెయ్యమన్నడు. నేను రెండు సార్లు ఏసిన మేడం. గట్టిగ." గొర్రెపిల్లను దగ్గరికి లాక్కుంది. "రెండోది ఎయ్యకుంటే తాత ఇప్పేటోడు. గొర్లు బయటికొచ్చేటియి."

మల్లయ్య తల వంచుకున్నాడు. తలకు చుట్టిన రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"బిడ్డా, ఇటు చూడు," అన్నాడు చివరికి. "నేను దూకలే."

అఖిల తలెత్తింది.

"గట్టు మీదనే నిలవడ్డ. నీళ్లు చూసి కాళ్లు రాలే నాకు. నలుగురు అడిగితే సిగ్గయి, దూకిన, ముడి రాలేదని చెప్పిన. నువ్వు ఒక్కసారి ఏసినవో పదిసార్లు ఏసినవో, ఆ ముడి నేను చూడనే లేదు. వాకిలి దాక వస్తెగద!"

"నీకు భయమైందా తాతా?"

"మస్తు భయమైంది."

"ఏడిసినవా?"

"నువ్వు చూడకుండ ఏడిసిన."

ఆ పిల్ల గొర్రెపిల్లను దించి, వచ్చి అతని పక్కన గొంగడి మీద కూర్చుంది. తాత మోకాలి మీద తల పెట్టింది. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

టీసీ అడగడానికి మల్లయ్య మళ్లీ రాలేదు. అఖిలను వాళ్ల అవ్వ దగ్గర వదిలి, తనొక్కడే మంద తోలుకుపోయాడు. పోయే ముందు చాయ్ హోటల్లో అసలు సంగతి తనే చెప్పాడట. "ఈతొచ్చునంటివి గదా మల్లన్నా," అని ఎవరో ఎగతాళి చేస్తే, "ఒడ్డు మీద మంచిగొస్తది," అన్నాడట.

ఒక్క మాటతో అఖిల బాగుపడిందని రాస్తే అబద్ధం. తర్వాత కూడా గొళ్లెం చప్పుడుకు ఉలిక్కిపడేది. స్వప్న ఒక గుండ్రాయి తెచ్చి, తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టింది. అఖిలను తలుపు పక్కనే కూర్చోబెట్టాం. ఆ వేసవి దాకా మా బడి తలుపు తెరిచే నడిచింది. గాలికి కాగితాలు ఎగిరితే పిల్లలే ఏరుకొచ్చేవారు.

జూన్ చివరలో ఒక రోజు వాన జల్లు నేరుగా లోపలికి కొట్టింది. ఒకటో తరగతి పిల్లలు తడుస్తూ మూలకు జరిగారు. స్వప్న నా వైపు చూసింది. ఆగమని సైగ చేశాను. అఖిల కాసేపు తడుస్తున్న చిన్నపిల్లలను చూసింది. లేచి రాయిని కాలితో జరిపి, తలుపు దగ్గరికి వేసింది. గొళ్లెం పెట్టలేదు. తలుపుకు వీపు ఆనించి కూర్చుని, "చెప్పుండ్రి మేడం," అంది.

నేను 2019 ఏప్రిల్‌లో రిటైరయ్యాను. రెండేళ్ల క్రితం ఎండాకాలంలో, స్వప్న ఇప్పుడు పనిచేస్తున్న బడి రేకులు గాలివానకు లేచిపోయాయి. ఫోన్ చేసి, పిల్లలతో ముందు ఏం మాట్లాడాలని అడిగింది. మా వరదప్పుడు పుస్తకాలు, పలకలు, యూనిఫాంలు, పిల్లలు ఏమేం పోగొట్టుకున్నారో అన్నీ అడిగి రాసుకున్నాం. ఆ రోజు ఎవరి మీద ఏ పని పెట్టి ఉన్నారో మాత్రం అడగలేదు. పల్లెల్లో పనిలేని పిల్ల ఉండదు. పని చేసిన పిల్ల, జరిగినదంతా తన చేతి వల్లే జరిగిందనుకుంటుంది. ఆ రోజు ఎవరు ఏ పని చేశారో, ముందు అదే అడగమన్నాను.

మర్నాడు పొద్దున, హాజరు వేయకముందే స్వప్న మళ్లీ ఫోన్ చేసింది. రాగానే పిల్లలందరినీ అదే అడిగిందట. ఆఖరుకు ఒకటో తరగతి పిల్ల ఒకతి, "కోడిపిల్లల మీద గంప బోర్లించిన మేడం. గంప కిందనే సచ్చినయి," అందట.

"హాజరు తర్వాత పిలుద్దువు గాని," అన్నాను, "ముందు పోయి ఆ పిల్ల పక్కన కూర్చో."