షెడ్డులో బోర్లించిన బండ

ఏడో తరగతిలోనే చదువు మానేశాను గానీ, బడిలో ఉన్నన్నాళ్లూ బెంచీ ఎక్కి నిలబడే ఉన్నాను. కాబట్టి ఏ పలక ఎంత బరువు మోస్తుందో నాకు తెలుసనుకునేవాణ్ణి. ఆ ధైర్యంతోనే, కొత్తగా కట్టిన జీపు షెడ్డులో సామాన్ల అర సంగతి నాకు వదిలెయ్యమని నా భార్యతో అన్నాను.

ఆమె గుంతకల్లు నుంచి ఇనుప ర్యాకు తెమ్మంది. చెక్కయితే చెదలు వదలవు. నేను రాయే మేలన్నాను. మా చేని గట్టున ఒక నున్నటి బండ ఎప్పటినుంచో పడి ఉండేది. దాన్ని జీపులో తెచ్చి, రెండు పక్కలా ఇటుకలు పేర్చి, తిరగేసి చూడకుండా నడుమెత్తున పరిచాను. పైన జాకీ, ఆయిల్ డబ్బాలు, పానాలు. కింద శెనక్కాయల మూటలు.

కొన్నాళ్లకే ఆమె షెడ్డులోకి పోవడం మానేసింది.

"ఆడ ఎవురో ఉండారు. మూట కోసం వంగితే నెత్తిమీద చెయ్యి పెడతాండారు."

"అయితే బాడుగ అడుగు మే."

నవ్వలేదు. పెరట్లో ఉన్నా అటు చూసి కొంగు సర్దుకునేది. మా మేకలు ఎండకు మాడుతూ కూడా ఆ నీడలోకి రాలేదు. ఒక మధ్యాహ్నం సంచి సర్దింది.

"నాకు పిచ్చి పట్టేటట్లుండాది. కంబదూరికి మా నాయన కాడికి పోతా."

పోతే మళ్లీ రాదనిపించింది. "ఎవురుండారో చూపిస్తా రా" అని లాక్కొచ్చి, మూటలు పక్కకు లాగి, టార్చి పట్టుకుని బండ కింద వెల్లకిలా దూరాను.

వెలుగు ఏటవాలుగా పడింది. ముందు అయిదు వేళ్లు కనిపించాయి. తర్వాత ఎత్తిన చెయ్యి, మోచేతి దాకా గాజులు. మొగునితో చితి ఎక్కిన ఆడవాళ్లకు మా వైపు ఎప్పుడో నిలిపిన రాళ్లలో అదొకటి. ఆమె మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. కళ్లు అరిగిపోయాయి, చూపు మాత్రం ఉంది.

"ఏమప్పా, ఉండారా?" బయటినుంచి నా భార్య.

"ఉండారు" అన్నాను.

పొద్దు వాలకముందే బండను గట్టుకు చేర్చి నిలబెట్టాను. నా భార్య మట్టి తుడిచి కుంకుమ పెట్టింది. అంతా అయ్యాక నా నోరు ఊరుకోలేదు.

"షెడ్డులో చల్లగా ఉండె పాపం. మళ్లా ఎండలో నిలబెట్టిస్తివి."

ఆమె నావైపు తిరగను కూడా తిరగలేదు.

"మొగునితో కాలి, రాయైనాక గూడా ఆయమ్మ వీపు మీద నీ జాకీ పెడితివి. ఇంగ నేనెంతప్పా నీకు?"