ఇరవయ్యో వంతు

పండి రాలిన కాఫీ పళ్ళు మంచులో నానితే ఒక వాసన వస్తుంది. తియ్యగా మొదలై, కల్లు కుండ మూత తీసినట్టు పులిసిపోతుంది. మా షెడ్డుకు పైనున్న తోట నుంచి ఈ ఉదయం ఆ వాసన దిగింది. వెంటనే కిటికీ మూసేశాను. అరకు చూడ్డానికొచ్చినవాళ్ళు ఈ మంచును ఫోన్లలో పట్టుకుని మురిసిపోతారు. మురవనీ, వాళ్ళదేం పోయింది! నాకు మాత్రం మంచు దిగితే ఇమ్మానుయేలు పెదనాన్న గుర్తొస్తాడు. ఆయనతోపాటు ఆయన భయమూ వస్తుంది.

పెదనాన్నది మా కొండ కాదు, భీమిలి వైపు. చాలా ఏళ్ళు ఓడల్లో వంట చేసి, మా పెద్దమ్మను చర్చిలో పెళ్ళాడి ఇక్కడే ఉండిపోయాడు. పెద్దమ్మ పోయాక, టూరిస్టులకు అద్దెకిచ్చే కాటేజీల్లో వంటకు కుదిరాడు. ఆయన కింద ఉల్లిపాయలు తరిగే పని నాది. ఓడ నుంచి ఆయన తెచ్చుకున్నవి రెండే: మోకాళ్ళ నొప్పి, పోకరు అనే పేకాట. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు. ఆ ఏడింట్లో మంచివి అయిదు ఎవరికి కుదిరితే డబ్బు వాళ్ళది. చూడ్డానికి ఇంతే. నాకేమో కాఫీ గింజలు వేయించే మిషను కొనాలని పిచ్చి. మేం పెంచిన పళ్ళు షావుకార్లకు పోసి, వాళ్ళు వేయించి సీసాలకెత్తితే మేమే నోరెళ్ళబెట్టి చూడ్డం ఏమిటని నా ఉక్రోషం. జీతంతో అయ్యే పని కాదు. పోకరు నేర్పమని ఆయన ప్రాణం తీశాను.

మూడు నెలలు చింతపిక్కలతోనే ఆడించాడు, మహానుభావుడు. నూట ఇరవై పిక్కలిచ్చి, ఇవే నీ ఆస్తి అన్నాడు. బల్ల దగ్గరికి ఆరు మాత్రమే తెచ్చుకోవాలి, ఇరవయ్యో వంతు. అవి పోతే ఆ పూటకు లేచిపోవాలి. ఆస్తి రెండింతలైతే పెద్ద పందెం, సగానికి పడిపోతే మళ్ళీ చిన్న పందెం. ఒకసారి మంచి ఊపు మీదుండి ఇరవై పిక్కలు ఒక్కసారే పెట్టాను, గెలిచాను కూడా. ఆయన పిక్కలన్నీ ఊడ్చి పొయ్యిలో పోశాడు. మర్నాడు మళ్ళీ ఆరుతో మొదలుపెట్టించాడు. అప్పుడు తిట్టుకున్నాను గాని, రూపాయి బిళ్ళల నుంచి పదికి, పది నుంచి వందకి ఏళ్ళ తరబడి ఒక్కో మెట్టే ఎక్కి నేను నిలబడ్డానంటే ఆ పొయ్యి చలవే.

ఆయన దగ్గర ఇంకో అలవాటుండేది. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఎవరు ఆటకొచ్చినా ముందు ఇంటి సంగతి అడిగేవాడు. ఇంట్లో ఏముంది, ఇక్కడ పెట్టేది పోతే రేపు ఏం తింటావు అని ఆరా తీసేవాడు. సరైన జవాబు రాకపోతే టీ ఇచ్చి పంపేసేవాడు. ఎదుటివాడి ఇంటి గొడవ మనకెందుకు, మన వంతు మనం చూసుకుంటున్నాం కదా అని ఒకరోజు దెబ్బలాడాను. ఆయన పొయ్యి కట్టేసి, చెయ్యి తుడుచుకుని, రమ్మని కొండెక్కాడు.

మిరియాల తీగలు అల్లుకున్న సిల్వర్ ఓక్ చెట్ల కింద ఎకరం తోట. పళ్ళు ఎర్రగా పండి నేల నిండా రాలున్నాయి, తొక్కిన జాడ లేదు. పిట్టలు కూడా అరవడం లేదు. తోట మధ్యలో ఒక బండ. దాని మీద అడ్డాకులు పరిచి, దోసెడు పళ్ళు కుప్పపోసి ఉన్నాయి. అప్పుడే కోసినట్టు తొడిమలు తడిగా ఉన్నాయి. ఎవరు కోశారని అడిగాను. పెదనాన్న ఆ కుప్పకేసి చూడలేదు.

తొమ్మిదేళ్ళ కిందట ఈ తోట రైతు బుద్రు తన ఏడాది పంటంతా పందెం కాసి ఈయన చేతిలో ఓడిపోయాడట. మర్నాడు పొద్దున్నే, ఓడిన పళ్ళు కోసి ఇస్తానని బుట్ట పట్టుకుని మంచులోకి వెళ్ళాడు. మళ్ళీ దిగలేదు. ఊరంతా వారం రోజులు వెతికితే బుట్ట దొరికింది, మనిషి దొరకలేదు. ఆ ఏడాది నుంచి పళ్ళు పండినన్నాళ్ళూ ప్రతి పొద్దునా బండ మీద దోసెడు కుప్ప ఉంటోంది. ఈయన ముట్టడు, ఇంకొకర్ని ముట్టనివ్వడు.

"నాను నా ఇరవయ్యో వంతే ఎట్టినాను గుంటా," అన్నాడు. "ఆడు ఉన్నదంతా ఎట్టీసినాడు. ఆ మాట నానడగలేదు."

దిగేటప్పుడు ఇద్దరం వెనక్కి చూడలేదు.

పెదనాన్న పోయిన రెండేళ్ళకు, కాటేజీకి విశాఖ నుంచి నలుగురు వచ్చారు. పొద్దున ఎనిమిదైనా మంచు విడవలేదు, ఎక్కడికీ కదల్లేక పేక తీశారు. మనిషికి పదివేలన్నారు. అప్పటికి నా దగ్గర రెండు లక్షలున్నాయి, పదివేలంటే సరిగ్గా ఇరవయ్యో వంతు. నేనూ కూర్చున్నాను. మిషను ధరకు ఇంకో పదివేలే తక్కువ. వాళ్ళను తీసుకొచ్చిన జీపు డ్రైవరు సోము మా ఊరి కుర్రాడే, నన్ను అక్కా అంటాడు. వాళ్ళు ఎగదోస్తే వాడూ కూర్చున్నాడు. పెదనాన్న ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే వాడు లేచిపోతాడని తెలుసు. అడగలేదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, మిషను మీద ఆశతోనే అడగలేదు.

గంటలో వాడి పదివేలూ మధ్యలోకి వచ్చాయి. నా చేతిలో రెండు రాజులు, బల్ల మీద ఒకటి. వాడి జతలు చాల్లేదు. డబ్బు నా వైపు లాక్కున్నాను. సోము నవ్వడానికి చూసి, బండి తుడిచొస్తానని బయటికి నడిచాడు. అప్పుడు, అప్పుడు అడిగాను.

"సోమూ, ఇంట్లో ఏటున్నాది?"

"ఏటీ నేదక్కా. అది బండి వాయిదా సొమ్ము. రెండు ఇప్పటికే తప్పినాయి, రేపు బండట్టుకుపోతారు."

వాడు మంచులో కలిసిపోయాడు. నా వంతూ, వాడి సర్వస్వమూ ఒకే పదివేలు. నోట్లు కొంగులో వేసుకుని పరిగెత్తాను. చెయ్యి చాపితే చెయ్యి కనిపించడం లేదు. సోమూ అని అరిచాను. కొండ పైనుంచి, తోట వైపు నుంచి, "ఓయ్" అని పలికింది. మగగొంతే. అటు నాలుగడుగులు ఎక్కాను. మళ్ళీ పిలిచాను. ఈసారి ఇంకా దగ్గరగా, ఇంకా నెమ్మదిగా "ఓయ్" అంది. సరిగ్గా అప్పుడే నా వెనక, కింద రోడ్డు మీద జీపు హారను మోగింది.

ఎలా దిగానో తెలీదు. సోము స్టీరింగు మీద తల వాల్చి ఏడుస్తున్నాడు, నుదురు తగిలి హారను మోగుతోంది. పైకి వెళ్ళావా అని అడిగితే, బండి దిగనే లేదన్నాడు. డబ్బు ఒళ్ళో పడేస్తే తీసుకోనన్నాడు, ఓడిన డబ్బు ముట్టనని మొండికేశాడు. చివరికి అది నా కాఫీ విశాఖకు చేర్చడానికి బాడుగ అడ్వాన్సు అని అబద్ధమాడాను. అప్పటికి నా దగ్గర చేర్చడానికి బస్తా కాఫీ కూడా లేదు.

మిషను ఇంకో ఏడాదికి కొన్నాను, జీతంలో మిగిల్చి. పేక మళ్ళీ ముట్టలేదు. ఆడనంత మాత్రాన ఆ ప్రశ్న వదల్లేదు. ఎవరి పళ్ళు కొన్నా, ఇంటికి ఎంత ఉంచుకున్నారని ముందు అడుగుతాను. రైతులు విసుక్కుంటారు. సోము ఇప్పటికీ వారం వారం నా బస్తాలు తీసుకెళ్తాడు. మంచు రోజుల్లో వాడు ఆలస్యమైతే రోడ్డు మీదకొచ్చి నిలబడతాను. బండి కళ్ళబడేదాకా వాడి పేరు మాత్రం పిలవను.