రంగూన్‌లో మిగిలిన మూర

"...అట్లయితే నా నౌకరీ నీళ్లల్ల గలిసినట్టే గదనే!"

"నేనేమన్న? అత్తమ్మ అబద్ధం రాయించదంటున్న, గంతే."

"అబద్ధమేంది? క్యాంపు కాయితంల నేను పుట్టింది సిరిసిల్ల అని ఉన్నది. మోహర్ సుత ఉన్నది."

"మోహరేస్తే ఆడ పుట్టినట్టా? సిరిసిల్లను ఎన్నడన్న కండ్లార జూసినవా నువ్వు?"

రాజనర్సు కుట్టుమిషను చక్రాన్ని గట్టిగా తిప్పాడు. అమీర్‌పేటలోని ఆ పెంకుటింట్లో గుసగుసలాడినా అరుగు మీదికి వినిపిస్తుంది. అరుగు మీద కూర్చున్న మణెమ్మ నోట్లో చుట్ట ఎప్పుడో ఆరిపోయింది. కోడలు రుద్రమ్మ తన పక్షాన మాట్లాడుతున్నందుకు ఆమెకు సంతోషమూ వేసింది, భయమూ వేసింది.

మణెమ్మ అసలు సిరిసిల్ల పిల్లే. పద్నాలుగో ఏట పెనిమిటి పోచయ్య వెంట మద్రాసులో ఓడెక్కి రంగూన్ వెళ్లింది. రంగూన్ అని ఆమె ఎన్నడూ అనలేదు, అందరిలాగే రంగం అంది. అక్కడ ఇరవై ఆరేళ్లు బతికింది. పోచయ్య జ్వరంతో పోయాక మగ్గం అమ్మలేదు. పక్కింటి బర్మా ఆడమనిషి మా థిన్‌ను కలుపుకొని ఒక మగ్గాన్ని నాలుగు చేసింది. వాళ్లు నేసిన గళ్ల లుంగీలను బజారులో పేరు పెట్టి అడిగి కొనేవాళ్లు.

బాంబులు పడ్డ వారంలో ఆమె పెద్ద మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోవచ్చింది. నేసిన గుడ్డ కోసి తీసింది కాని, చివరి మూరెడు పోగులను మగ్గానికే వదిలేసింది. సాలెవాడు మగ్గాన్ని ఉత్తగా వదలడు. ఆ మూరెడు ఉంటేనే కొత్త పడుగును పోగుకు పోగు అతికి మళ్లీ నేత మొదలుపెట్టవచ్చు. తాళంచెవి మా థిన్ చేతిలో పెట్టి, ఇరవై ఏళ్ల కొడుకుతో అడవుల దారి పట్టింది.

నెలన్నర నడిచి మణిపూర్‌లో శరణార్థుల క్యాంపు చేరాక గుమాస్తా కొడుకును ఊరేదని అడిగాడు. రాజనర్సు సిరిసిల్ల అన్నాడు. రంగూన్‌లో తెలుగువాళ్ల పిల్లలు ఎవరైనా అంతే. ఊరేదంటే తండ్రి ఊరు చెప్పాలి. రంగం అంటే వెనకా ముందూ ఎవరూ లేనివాడని అర్థం. గుమాస్తా దాన్నే పుట్టిన చోటు కింద రాసుకున్నాడు.

ఏడేళ్లకు ఆ ఒక్క మాట తల్లీకొడుకుల మధ్యకు వచ్చింది. పోలీసు దుస్తులు కుట్టే సర్కారీ కార్ఖానాలో రాజనర్సుకు దర్జీ పని ఖాయమైంది. ఈ రాజ్యంలో పుట్టినవాడినని ముల్కీ సర్టిఫికెట్టు ఉంటే చాలు, ఒకటో తారీఖు నుంచి పనిలోకి రమ్మన్నారు. క్యాంపు కాగితం చూపించి అతను దానికి అర్జీ పెట్టుకున్నాడు.

అంతలో రంగూన్‌లోనే ఉండిపోయిన తెలుగువాడు బుచ్చయ్య ఉత్తరం రాశాడు. బర్మాకు స్వతంత్రం వచ్చిందనీ, యుద్ధానికి ముందు ఎనిమిదేళ్లు అక్కడ ఉన్నవాళ్లు ఆ దేశపు పౌరులు కావడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చనీ, గడువు దగ్గరపడిందనీ చెప్పి, ఫారం కూడా జతచేశాడు. కింద మా థిన్ చెప్పించిన మాట ఒకటి ఉంది. "జపానోళ్ల కాలంలో నూలు దొరక్క మగ్గం ముట్టలేదు. నీ మూర అట్లాగే ఉంది."

మణెమ్మ తిరిగి వెళ్లాలని తీర్మానించుకుంది. కాని ఆ ఫారంలో సంతానం ఎక్కడ పుట్టిందో రాయాలి. దాని మీద మోహరు ముద్ర వేయాల్సింది, రాజనర్సుకు ముల్కీ ఇవ్వాల్సింది ఒకటే కచేరీ. రెండు కాగితాల్లో రెండు ఊళ్లు కనిపిస్తే అతని అర్జీ కొట్టేస్తారు.

ఇంట్లో ఆ మాటలు జరిగిన మర్నాడు పొద్దున ఫారం రాయించడానికి తల్లీకొడుకులు పంజగుట్టకు నడిచారు. ఏం రాయిస్తుందో దగ్గరుండి చూసుకోవాలని రాజనర్సు వెంట వచ్చాడు. అర్జీలు రాసే ఇస్తారి చాయ్ హోటలు పక్కన చాప మీద కూర్చుని ఉన్నాడు. ఫారం తిరగేసి నవ్వాడు.

"అందరు గీ ఈడుకు కాశీ పోతమంటరు వదినె. నువ్వేమో రంగం పోతనంటివి."

"కాశీల నాకు మగ్గం లేదు మరిదీ."

"ఆ తిక్క తిక్క తిండి మళ్ల తింటవా?"

"నీ హోటలు చాయ్ కన్న మంచిగనే ఉంటది. రాయి జర."

ఒక్కొక్క గడి నిండుతూ వచ్చింది. "సంతానం?"

"ఒక్కడే. గీడనే ఉన్నడు గదా."

"పుట్టిన తావు?"

మణెమ్మ కొడుకు వంక చూసింది. అతను రోడ్డు మీద పోతున్న ఎద్దుబండిని చూస్తున్నాడు.

ఇస్తారికి సంగతి అర్థమైంది. గొంతు తగ్గించాడు. "సిరిసిల్ల అని రాస్త. ఎవడొచ్చి జూస్తడు?"

"మా థిన్ జూసింది" అంది మణెమ్మ. "పొద్దుగాల పడుగు అతుకుతున్న. సగం పోగులు గూడ కాలే, నొప్పులొచ్చినయి. పక్కింటి పడుచుపోరి ఉరికొచ్చింది. ఆడోళ్లు నన్ను జూసుకుంటుంటె ఆమె మగ్గం ముందర గూసుండి మిగిలిన పోగులు అతికింది. అంతకుముందు పోగు ముట్టినదే గాదు. వీడు ఏడ్సేటాల్లకు పడుగు తయారు. గట్లనే మా ఇద్దరికి దోస్తీ అయింది."

రాజనర్సు తల తిప్పాడు. "గిది నాకెన్నడు జెప్పలే."

"నువ్వెన్నడు అడిగినవు బిడ్డా? ఎవరడిగినా సిరిసిల్ల అంటివి." ఆమె ఫారం మీద చెయ్యి పెట్టింది. "ఇస్తారీ, కలం పక్కకు పెట్టు. వీని నౌకరీ చెడగొట్టి నేను ఓడెక్కుతనా? వద్దు, పోదం పా."

ఆమె లేవబోయింది. రాజనర్సు కదల్లేదు.

"కాకా, రంగంల పుట్టినోనికి ముల్కీ రానే రాదా?"

ఇస్తారి కలం చెవి మీద పెట్టుకుని ఆలోచించాడు. "మీ నాయిన మీదికెంచి అడగొచ్చు. ఆయన పుట్టిన ఇల్లు ఫలానాదని సిరిసిల్ల పటేలు దస్కత్ చేయాలె. ఆర్నెల్లు పడ్తది. గీ నౌకరీ అన్ని దినాలు ఆగదు కొడకా."

"మిషను ఉన్నది గదా ఇంట్ల." రాజనర్సు చాప అంచున చతికిలబడి, తల్లి చెయ్యి ఫారం మీది నుంచి మెల్లగా తీశాడు. "రంగం అని రాయి కాకా. నా పాత అర్జీ నేనే పోయి వాపస్ దీస్కుంట. అవ్వను ఓడెక్కించినంక సిరిసిల్ల పోత."