నేను ‘పర్లేదు’ అన్న ఇటలీ కారు

1983. న్యూజెర్సీలో ఐసెలిన్‌కి పది నిమిషాల దూరంలో, రైలు పట్టాల పక్కనున్న ఒక చిన్న గ్యారేజీలో నేను మెకానిక్‌ని. మాది బాపట్ల. మా ఆవిడ రత్నం నర్సు. ఆమె ఉద్యోగం మీద వచ్చిన వీసాకి తోకలా నేనూ వచ్చాను. ఆటోమొబైల్ డిప్లొమా చేసి, బస్సు డిపోలో ఆరేళ్లు పనిచేసినవాణ్ణి. ఇక్కడ టై కట్టుకునే ఉద్యోగం నాకెవడూ ఇవ్వడని మూడు నెలల్లోనే తెలిసొచ్చి, వచ్చిన పనికే దిగాను. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లలో చేతులకు గ్రీజు అంటించుకునేవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని ఎవరు పాత కారు కొనాలన్నా ముందు నా దగ్గరికి పట్టుకొచ్చేవారు.

ఇలా కొనకముందు కారుని పరీక్ష చేయడాన్ని ప్రీ-పర్చేజ్ ఇన్‌స్పెక్షన్ అంటారు. కారుని లిఫ్ట్ మీద పైకెత్తి, కింద నిలబడి, బ్రేకుల దగ్గర్నుంచి బోల్టుల దాకా చూసి, ఒక ఫారం నింపాలి. ప్రతి వస్తువుకీ మూడు గళ్లు. బాగుంది, పని చేయించాలి, ప్రమాదం. ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలి. మా ఓనర్ ఫ్రాంక్, తాతల కాలంలో ఇటలీ నుంచి వచ్చిన కుటుంబంవాడు, ఈ కాగితం విషయంలో రాక్షసుడు. “నువ్వు రాయలేదంటే చూడనట్టే లెక్క” అని రోజుకోసారి నా బుర్ర తినేవాడు.

అమెరికన్ కస్టమర్లకి రాసేవాణ్ణి. మనవాళ్లకి మాత్రం రాసేవాణ్ణి కాదు. ఆదివారం చర్చిలో పక్కన కూర్చుని పాట పాడేవాడికి, పరాయివాడికిచ్చినట్టు కాగితం చేతిలో పెట్టడమేంటి? నోటిమాట చాలదా? అలా అనుకునేవాణ్ణి. మర్యాద అనుకున్నాను దాన్ని.

సుధాకర్ మా తెలుగు చర్చివాడే. ఒంగోలు అబ్బాయి, ముప్పై నాలుగేళ్లుంటాయి. ఆస్పత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. భార్య కమల ఒక బడిలో వంటశాలలో పనిచేసేది. ఇద్దరి జీతాలూ కలిపినా నెలాఖరుకి చిల్లర లెక్కపెట్టుకునే సంసారం. పైగా ఇతనికొక పిచ్చి. ఒంగోల్లో మంగలి షాపు గోడ మీద ఎప్పుడో చూసిన క్యాలెండర్‌లో ఎర్రటి ఇటలీ స్పోర్ట్స్ కారు బొమ్మ ఉందట. టాపు లేనిది, ఇద్దరే కూర్చునేది. చచ్చేలోపు అలాంటిది ఒక్కసారైనా తోలాలని అప్పుడే అనుకున్నాడట. కొత్తది కొనడం ఈ జన్మలో పని కాదు. తొమ్మిదేళ్ల పాతది ఒకటి పేపర్లో ప్రకటన చూసి పట్టుకున్నాడు. దానికోసం ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క సెడాన్ కారు అమ్మేయడానికి కూడా బేరం పెట్టేశాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆ కారు తోలుకుంటూ మా గ్యారేజీకి వచ్చాడు. అమ్మేవాడు ఒక గంటసేపు ఇచ్చాడట. పక్క సీట్లో కమల, జుట్టంతా చెదిరిపోయి, మొహం ముడుచుకుని.

“వందనాలన్నా! ఎట్టా ఉంది నా బండి?” అన్నాడు, దిగకుండానే.

“ఇంకా నీది కాలేదుగా, దిగు ముందు” అన్నాను.

“ఇద్దరు కూర్చునే కారేంటి అన్నయ్యగారూ? మా మరిదిగారు న్యూయార్క్ నుంచి వస్తే డిక్కీలో కూర్చోబెట్టాలా? మీరైనా చెప్పండి” అంది కమల.

“నువ్వు ఊరుకోవే. అన్న ఎస్సంటే ఎస్, నో అంటే నో. ఆయన మాటే ఫైనల్” అన్నాడు సుధాకర్.

ఆ మాట నేను స్పష్టంగా విన్నాను.

ఫ్రాంక్ దూరం నుంచే చూసి పెద్దగా నవ్వాడు. “మా దేశం వాళ్లకి అందం తెలుసు, వాన సంగతి తెలీదు” అని లోపలికెళ్లిపోయాడు. ఆ రోజుల్లో వచ్చిన అలాంటి కార్లకి తుప్పు పెద్ద శత్రువు. న్యూజెర్సీలో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు కారు కిందికి చేరి ఇనుముని తినేస్తాయి. పైన ఎర్రరంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

లిఫ్ట్ మీద ఎత్తాను. ఇంజన్ శుభ్రంగా ఉంది. బ్రేకులు, గేర్‌బాక్సు బాగున్నాయి. కింద మాత్రం అంతా నల్లగా, కొత్తగా మెరుస్తోంది. అండర్‌కోటింగ్ అంటారు, తుప్పు పట్టకుండా కొట్టే తారులాంటి పూత. తొమ్మిదేళ్ల కారుకి పోయిన వారం కొట్టిన పూత ఎందుకు? కింద దేన్నో దాచడానికే అనిపించింది. స్క్రూడ్రైవర్ తీసుకుని పొడిచి చూశాను. చాలాచోట్ల గట్టిగానే తగిలింది. ముందు చక్రాలని పట్టి ఉంచే అడ్డదూలం ఒకటుంటుంది, క్రాస్ మెంబర్ అంటారు. అది కుడివైపు బాడీకి బిగించినచోట పొడిచేసరికి, స్క్రూడ్రైవర్ మెత్తగా లోపలికి దిగిపోయింది. అరంగుళం. బయటికి తీస్తే కొనకి ఎర్రటి పొడి.

అమెరికన్ కస్టమర్ అయితే అక్కడితో పని అయిపోయేది. మూడో గడిలో టిక్కు, ‘తోలకూడదు’ అని ఒక్క ముక్క, సంతకం.

తలతిప్పి చూశాను. సుధాకర్ లిఫ్ట్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది. ఆ మొహం చూస్తూ ‘వద్దు’ అనడానికి నోరు రాలేదు. శుభమా అని ఒకడు బయల్దేరుతుంటే వద్దు అని అడ్డం పడకూడదని మా ఇంట్లో పెంచారు. వాకిట్లో నిలబడ్డవాణ్ణి ఎక్కడికని కూడా అడగనివ్వని ఇల్లు మాది. ప్రార్థనలు మారినా ఆ భయం మాత్రం మారలేదు మాకు.

“ఎట్టా ఉందన్నా?”

“పర్లేదు” అన్నాను. “కింద కొంచెం తుప్పుంది. వెల్డింగ్ చేయించుకోవాలి.”

“పర్లేదంటే తీసుకోవచ్చుగా?”

“నీ ఇష్టం తమ్ముడూ.”

“థాంక్స్ అన్నా!” అని నా గ్రీజు చేతులు రెండూ పట్టుకుని ఊపేశాడు. కమల నా వంక ఒకసారి చూసి తల తిప్పేసుకుంది.

ఆ సాయంత్రం అన్నం తింటూ రత్నంతో చెప్పాను.

“ఇంతకీ ఏమన్నావు?” అంది.

“పర్లేదన్నాను.”

“పర్లేదంటే? బాగున్నట్టా, బాగోనట్టా?”

“తెలుగు రాదా ఏంటి నీకు? పర్లేదంటే పర్లేదు, అంతే!” అని కసురుకున్నాను. ఆమె వండిన కూర నేను పర్లేదంటే, ఆ రోజు కూర చెడిందని ఆమెకి తెలుసు. అదే మాట జ్వరంతో ఉన్నవాడికి డాక్టరు చెబితే, భయం లేదని అర్థం. సుధాకర్ రెండో అర్థమే తీసుకుంటాడని నాకు తెలుసు. తెలిసే ఆ మాట ఎంచుకున్నాను. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

వేసవంతా ఆ కారులో తిరిగాడు. చర్చి బయట కారు ఆపితే పిల్లలంతా మూగేవారు. నేను కనపడ్డప్పుడల్లా “వెల్డింగ్‌కి ఎప్పుడు తెస్తావోయ్?” అనేవాణ్ణి. “ఈ నెల టైటుగా ఉందన్నా, వచ్చే నెల” అనేవాడు. “సరే, చూసుకో” అనేవాణ్ణి. తెచ్చేదాకా ఎక్కొద్దు అని ఒక్కసారి కూడా అనలేదు. అంటే మేలో ఎందుకు చెప్పలేదని అడుగుతాడు కదా!

నవంబర్లో ఒక శనివారం, పట్టపగలు, చర్చిలో పాటల ప్రాక్టీసు ముగించుకుని ఒంటరిగా ఇంటికెళ్తున్నాడు. వంతెన ఎక్కేచోట రోడ్డు కొంచెం ఎత్తుపల్లంగా ఉంటుంది. ఆ కుదుపుకి ముందు కుడి చక్రం మడత పడిపోయింది. కారు వెళ్లి కాంక్రీటు గోడకి గుద్దుకుంది.

సోమవారం పొద్దున్నే నేను ఆస్పత్రికి కాదు, పాడైన కార్లు లాక్కొచ్చి పడేసే యార్డుకి వెళ్లాను. మనిషిని చూడ్డానికి ముందు కారుని చూడ్డానికి వెళ్లిన వెధవని నేను. వంగి చూశాను. దూలం బాడీ నుంచి ఊడి వచ్చేసింది. చిరిగిన ఇనుము పక్కనే నా స్క్రూడ్రైవర్ చేసిన బెజ్జం అలాగే ఉంది. అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాను.

సుధాకర్ ప్రాణానికి ప్రమాదం తప్పింది. నడుం కింద స్పర్శ పోయింది. తను పనిచేసే ఆస్పత్రికే తీసుకెళ్లారు, తన తోటివాళ్లే ఎక్స్‌రే తీశారు.

“మా పనిలో ఫిల్ము చూసి ఏమీ చెప్పకూడదన్నా” అన్నాడు, నేను వెళ్లినప్పుడు, కప్పు వంక చూస్తూ. “డాక్టర్‌గారు మాట్లాడతారు అనాలి, అంతే. మావాడు ఫిల్ము చూసి నాతో అదే మాట అన్నాడు. అప్పుడే నాకు తెలిసిపోయింది.”

మంచం పక్క బల్ల మీద ఎవరో పెట్టిన ద్రాక్షపళ్ల వంక చూస్తూ కూర్చున్నాను.

కొన్నాళ్లకి ఒక లాయరు వచ్చాడట. కొనేముందు మెకానిక్‌కి ఎవరికైనా చూపించావా అని అడిగాడట. చూపించి ఉంటే ఆ గ్యారేజీ మీద కేసు వేయొచ్చు, వాళ్ల ఇన్సూరెన్సు నుంచి పెద్ద మొత్తమే వస్తుంది అన్నాడట. సుధాకర్ ఎవరికీ చూపించలేదని చెప్పాడు. ఈ సంగతి కమల రత్నానికి చెబితే నాకు తెలిసింది. పరుగున వెళ్లాను.

“ఎందుకట్టా చెప్పావురా? నా పేరు చెప్పు. నేనొచ్చి ఒప్పుకుంటా” అన్నాను.

“కాయితం ఏదన్నా?” అన్నాడు. “నువ్వేమన్నావని చెప్పను? పర్లేదన్నాడు అని చెప్పాలి. ఆ ముక్కని ఇంగ్లీషులో ఏమంటారో ఎంత ఆలోచించినా నాకు తట్టలా.”

కోపంగా అనలేదు. నిజంగానే ఆలోచించినట్టు అన్నాడు. ఒకసారి లేదన్నాక మాట మార్చనని మొండికేశాడు. నేను ఫ్రాంక్‌కి జరిగిందంతా చెప్పేశాను. లాయరుకి నేనే ఫోన్ చేశాను కూడా. మీ క్లయింటే కాదంటున్నాడు, కాగితమా లేదు, నేనేం చేయను అని పెట్టేశాడు. ఫ్రాంక్ నన్ను పనిలోంచి తీసేయలేదు. తీసేస్తే బాగుండు అనిపించింది.

మరుసటి ఏడాది వేసవిలో వాళ్లింటికి వెళ్లాను. చక్రాల కుర్చీ లోపలికి దొర్లడానికి వీలుగా గుమ్మం దగ్గర వాలుగా చెక్కలు పరుద్దామని కొలతలు తీసుకోవడానికి. సుధాకర్ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. నేను టేపు చుట్టుకుంటుంటే అడిగాడు.

“అన్నా, ఒకటడుగుతా. ఆ రోజు నీకు తెలుసా?”

జవాబులు నా నోట్లో సిద్ధంగా ఉన్నాయి. చూడాల్సినంత చూడలేదు, అంత ఉందనుకోలేదు, వెల్డింగ్ అన్నాను కదా. అన్నీ పర్లేదు లాంటి మాటలే.

“తెలుసు” అన్నాను. “స్క్రూడ్రైవర్ దిగిపోయింది. ఆ కారు తోలకూడదని నాకు తెలుసు తమ్ముడూ.”

అతను కిటికీ వైపు తిరిగాడు. వంటింట్లోంచి కమల వచ్చింది. విన్నది.

“మరి ఆ ఒక్క మాట ఆ రోజే అనడానికి మీకేమైంది అన్నయ్యగారూ? నేను వద్దంటే ఆయన వినడు. మీరంటే వినేవాడు. నోరు పడిపోయిందా మీకు?”

“మీ ఆయన సంతోషంగా ఉన్నాడమ్మా, చెడగొట్టబుద్ధి కాలేదు” అన్నాను. అదే నిజం. కానీ పైకి అన్నాక ఎంత సిగ్గుమాలిన మాటో నాకే వినపడింది.

“వెళ్లండి” అంది.

మనలో గుమ్మం దాటే మనిషితో ఎవరూ వెళ్లు అనరు, వెళ్లిరా అంటారు. ఎంత కోపమున్నా సరే. ఆమె వెళ్లండి అనే అంది. సుధాకర్ ఇటు తిరగలేదు. ఆ చెక్కలు తర్వాత ఎవరో వేశారు. ఆ ఏడాది చివర్లో వాళ్లు పెన్సిల్వేనియాలో కమల అక్కగారి ఊరికి వెళ్లిపోయారు. నేను రాసిన ఉత్తరాలకి జవాబు రాలేదు. రావాలని ఆశించే హక్కు నాకు లేదు.

ఆ తర్వాత అదే గ్యారేజీలో చాలా ఏళ్లు పనిచేశాను. మనవాళ్లెవరు కారు తెచ్చినా ఫారం తీసి, గళ్లు నింపి, సంతకం చేసి చేతిలో పెట్టేవాణ్ణి. తోలకూడని కారైతే, ఇంకా లిఫ్ట్ దించకముందే, వద్దు అనేవాణ్ణి. ‘కొంచెం’, ‘చూసుకోవాలి’, ‘నీ ఇష్టం’, ఇవేవీ లేకుండా. మొదట్లో కష్టమయ్యేది, తర్వాత అలవాటైంది. చాలామందికి మండింది. “ఏం మనిషయ్యా, మంగళమా అని కొనుక్కుంటుంటే నోట్లోంచి ఒక మంచి మాట రాదు” అని మొహాన్నే అన్నవాళ్లున్నారు. చర్చిలో పలకరించడం మానేసినవాళ్లున్నారు. ఒకాయన నేనిచ్చిన కాగితం నా ముందే చింపి, తాళాలు విసిరికొట్టి, విసవిసా వెళ్లిపోయాడు. నేను గ్యారేజీ గుమ్మంలో నిలబడి ఆయన మలుపు తిరిగేదాకా చూశాను. నా మీద కోపంతో వెళ్లినవాళ్లంతా తమ కాళ్ల మీద నడిచే వెళ్లారు.