కోతుల కనురెప్పలు వాచినప్పుడు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, శ్రీకాళహస్తి చుట్టుపక్కల చేలల్లో పట్టిన కోతులను ఏర్పేడు దగ్గర ఒక షెడ్డులో ఉంచేవాళ్లం. నేను పశువైద్యుణ్ని. అడవిలో వదిలే ముందు వాటికి మనుషులకూ పశువులకూ అంటుకునే జబ్బులేమైనా ఉన్నాయేమో చూడటం నా పని. జబ్బున్నది ఒక్కటి అడవికి చేరినా అక్కడి మందంతటికీ పాకుతుంది.

క్షయకు ట్యూబర్‌క్యులిన్ పరీక్ష చేస్తాం. కోతికి మత్తిచ్చి, పై కనురెప్పలోకి సన్నటి సూదితో చుక్క మందు ఎక్కిస్తాం. క్షయ క్రిమి సోకి ఉంటే రెండు మూడు రోజుల్లో రెప్ప వాస్తుంది. బోనులోకి తొంగి చూస్తే చాలు, తెలిసిపోతుంది. ఒకసారి బాగున్నా, కొన్ని వారాలు ఆగి మళ్లీ చేస్తాం.

మొదటిసారి అన్నీ బాగున్నాయి. రెండోసారి మూడు కోతులకు రెప్పలు ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి.

“రేత్రి కొట్లాడుకున్నట్టుండాయి సార్. మూతి పగల్లేదు గానీ కండ్లు మాత్రం వాచినాయే!” అని నవ్వాడు మునెప్ప. కోతులను పట్టేది, మేపేది, షెడ్డులోనే పడుకుని కాపలా కాసేది అతనే.

నాకు నవ్వు రాలేదు. వచ్చినప్పుడు లేని క్షయ షెడ్డులో అంటిందంటే మనిషి నుంచే రావాలి. మునెప్ప బీడీలు తాగుతాడు. పొద్దున లేస్తే దగ్గుతాడు. అంతే, నా లెక్క తేలిపోయింది.

“ఇంక షెడ్డులోకి రావద్దు. ఆస్పత్రికి పోయి కఫం పరీక్ష చేయించుకో.”

“బీడీ దగ్గు సార్ ఇది. మా నాయనకూ ఉండె.”

“చెప్పింది చెయ్యి. నీవల్లే ఇదంతా.”

ఆ మాట పనివాళ్లందరి ముందే అన్నాను. సాయంత్రానికి వాళ్ల ఊరంతా తెలిసింది. టీ అంగట్లో అతనికి గ్లాసు ఇవ్వడం మానేశారు. కోడలు పసిబిడ్డను ఎత్తుకుని పుట్టింటికి పోయింది.

అతని ఫలితం కోసం నేనే ఆస్పత్రికి వెళ్లాను. “ఇతనికి క్షయ లేదు,” అంది డాక్టరమ్మ. “ఆ కోతుల్ని ఇంకెవరు ముట్టుకుంటారు?”

“నేనే” అనబోయి దగ్గాను. దగ్గుతెర ఆగలేదు.

ఆమె పెన్ను కింద పెట్టింది. “ఈ దగ్గు ఎన్నాళ్లుగా?”

నెలల తరబడి దగ్గుతున్నాను. షుగరు మనిషిని, క్షయ తేలిగ్గా పట్టే ఒళ్లు. ఒళ్లు తగ్గితే వాకింగ్ ఫలితమనుకున్నాను, దగ్గొస్తే గడ్డి దుమ్మనుకున్నాను. మాస్కు లేదా అంటే ఉంది. సూది వేసేటప్పుడు ఊపిరికి కళ్లజోడు మసకబారుతుందని దాన్ని గడ్డం కిందికి లాగేవాణ్ని. రెప్పలో సూది దించాలంటే ముఖాన్ని కోతి ముఖానికి జానెడు దూరంలో పెట్టాలి. వాటిలో జబ్బు వెతకడానికి వంగిన ప్రతిసారీ నా ఊపిరి వాటి మీద పడింది.

నా కఫంలో క్షయ ఉందని తేలింది. కోతుల్లో దొరికిన క్రిమి కూడా అదే రకమని తర్వాత ల్యాబు వాళ్లు చెప్పారు.

మందులు పడి, ఇక నలుగురిలోకి వెళ్లొచ్చని డాక్టరమ్మ అన్నాక, మునెప్ప ఇంటికి వెళ్లి వాకిట్లోనే నిలబడ్డాను. “జబ్బు నాదప్పా. నిన్ను అనరాని మాటన్నాను.”

అతను తల దించుకున్నాడు. అతని భార్య గుమ్మంలోంచి అంది: “మాకు చెప్పేదేముండాది సార్, ఈయనకు ఏ జబ్బూ లేదని మాకు ముందే తెలుసు. పోయి ఆ టీ అంగట్లో చెప్పు.”

వెళ్లాను. బెంచీల మీద కూర్చున్నవాళ్లందరికీ వినబడేలా చెప్పాను. “డాక్టరుకే తెలీకపోతే ఎట్లబ్బా!” అన్నాడొకాయన. కోడలు బిడ్డతో తిరిగొచ్చిందని కొన్నాళ్లకు విన్నాను. మునెప్ప మాత్రం మళ్లీ నా దగ్గర పనికి రాలేదు.

జబ్బెప్పుడూ బోను లోపలే ఉంటుందనుకోవడం మా వృత్తిలో సులువు. ఇప్పుడు ఏ షెడ్డుకు వెళ్లినా పరీక్షకు మొదటి నమూనా నాదే ఇస్తాను. ఆ మూడు కోతులను అడవికి పంపే వీల్లేకపోయింది. ఒకదాని తర్వాత ఒకటి షెడ్డులోనే పోయాయి. మునెప్ప విషయంలో తప్పు ఒప్పుకోవడానికి నాకొక టీ అంగడి దొరికింది. వాటి విషయంలో ఒప్పుకోవడానికి ఏ చోటూ లేదు.