పీరు ఆగిన మధ్యాహ్నం

మొన్న మా మరదలు ఊరి నుంచి పీర్ల పండుగ వీడియో ఫోన్‌లో పంపింది. డప్పుల మోత, జనం, ఆ జనం పక్కన ఇద్దరు పోలీసులు. సగం చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను. ఏ మొహం పెట్టుకుని చూడను?

నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో మా కేతేపల్లి వైపు ఊళ్లలో పీర్ల పండుగ ఎవరిదని అడిగితే అడిగినవాణ్ణి ఎగాదిగా చూసేవాళ్లు. మాది మగ్గం నేసే ఇల్లు. పాలు తాగే వయసులో నేను బతకనని దవాఖానలో చేతులెత్తేస్తే అమ్మ పీరుకు మొక్కిందట. అప్పటి నుంచి ఏటా బాపు పీరుకు కట్టే పచ్చటి బట్ట, దట్టి అంటాం, తన చేత్తో నేసి ఇచ్చేవాడు. పీరును చూసుకునే ముజావరు, బాపు ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లు కాబట్టి ఆ ముజావరు నాకు మామ. ఆఖరి రోజు మామ మా గడపకు వచ్చి దట్టి తీసుకుపోయి కడితేనే పీరు ఊరేగింపుకు లేచేది, అంతదాకా డప్పులవాళ్లు కూడా బీడీలు కాల్చుకుంటూ కూర్చునేవాళ్లు.

తొంభైల మొదట్లో, నేను తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఏడు, ఎక్కడో పట్నంలో మతం గొడవలై ఆ సెగ మా ఊరిదాకా వచ్చింది. మా వాడకట్టు వాళ్లే నలుగురు బాపును నిలబెట్టి, ఈసారి దట్టి ఇచ్చావో మగ్గానికి అగ్గి పెడతామని చెప్పి పోయారు. నూలుకు పచ్చరంగు అద్ది ఆరేసిన బాపు దాన్ని మగ్గానికి ఎక్కించలేదు. ఇస్తే బతుకుతెరువు పోతుంది, ఇవ్వకుంటే మొక్కు తప్పి నాకూ నా కడుపులో బిడ్డకూ ఏమవుతుందోనని పండుగ పది రోజులూ ఆయనకు ముద్ద దిగలేదు.

ఆఖరి రోజు మధ్యాహ్నం వాకిట్లో మామ దగ్గు వినబడగానే, యాభై ఏళ్ల మనిషి, మా బాపు, మగ్గం గుంటలోకి దిగి ముడుచుకుని కూర్చున్నాడు. అక్కడి నుంచే నాకు రెండు చేతులూ జోడించాడు. కన్నతండ్రి దండం పెడితే నేనేం చేయను? నిండు కడుపుతో గడపకు అడ్డంగా నిలబడి, బాపు ఊర్లె లేడు మామా అన్నాను. నా మొక్కు తాలూకు మనిషితో నా నోటితోనే ఆ అబద్ధమాడాను. మామ గడప పక్కనున్న బాపు చెప్పులు చూశాడు, చూసి మెల్లగా అన్నాడు.

"మంచిది బిడ్డా. నువ్వు జర పైలం. బావ వచ్చినంక చెప్పు, పీరును పొద్దుగూకెదాక ఆపుత."

ఆపాడు కూడా. వాళ్లవాళ్లే కసురుకుంటున్నా వినకుండా ఆపి, చివరికి తన తల రుమాలు విప్పి కట్టి పీరును లేపాడట. దారిలో మా ఇంటి ముందు నిలబడి ఎప్పటిలాగే నా నొసటికి ఊదు బూడిద పెట్టాడు. లోపల బాపు నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడుస్తున్నాడు.

వారానికి నాకు సుఖంగా కాన్పయింది, పిల్ల నిక్షేపంగా ఉంది. పీరుకు కోపం రాలేదు, బాపు తట్టుకోలేనిది అదే. కోపమొచ్చి ఉంటే చెల్లుకు చెల్లు అనుకునేవాడేమో. ఎవరికీ చెప్పకుండా దట్టి నేశాడు, పట్టుకుని మూడుసార్లు మామ ఇంటి మలుపుదాకా పోయి సిగ్గుతో వెనక్కి వచ్చాడు. నాలుగోసారి పోయేసరికి తలుపుకు తాళం ఉంది. మామ వాళ్లు ఇల్లు ఖాళీ చేసి కొత్తకోటలో కూతురి దగ్గరికి పోయారని పక్కింటావిడ చెప్పింది. పోయే ముందు మామ మా వీధి చివరిదాకా వచ్చి వెళ్లాడట, ఆయనా లోపలికి రాలేకపోయాడు.

ఇప్పుడు ఊళ్లో పండుగ దర్జాగా జరుగుతోందంటారు. పచ్చబట్ట దుకాణంలో దొరుకుతుంది, వేళకు పీరు లేస్తుంది. ఒక ఇంటి దట్టి రాలేదని ఊరంతా ఆగడం మాత్రం లేదు.